నూట నలభై మూడు నల్ల గోళ్లు

ఆ బడిలో చదివిన వాళ్లెవరికీ ఆమె అసలు పేరు తెలియదు. సీసాలమ్మ అంటే చాలు, అందరికీ తెలుస్తుంది. ఇరవై ఆరేళ్లుగా సైన్సు ల్యాబులో సీసాలు కడగడం, నింపడం, చీటీలు అంటించడం, పిల్లలు పగలగొట్టినవి ఊడ్చడం, పగలగొట్టిన వాళ్లకి నాలుగు వడ్డించడం ఆమె పని. డిగ్రీలున్న టీచర్లు వస్తుంటారు, బదిలీ మీద పోతుంటారు. ఏ సీసాలో ఏముందో, దేంట్లో ఏది పోస్తే పొగ వస్తుందో మాత్రం ఆమెనే అడగాలి. అడిగితే చెబుతుంది, ఆ తర్వాత వారం రోజులు ఎగతాళి చేస్తుంది.

ఆ ల్యాబుకి ఆమె పెట్టిన చట్టం ఒకటుంది. ప్రతి మందుకీ రెండు సీసాలు. చిక్కగా కలిపి పెట్టుకునేది అసలు సీసా. క్లాసుకి ముందు రోజు అందులోంచి ఒక వంతు తీసి, పది వంతుల నీళ్లు కలిపితే పిల్లల సీసా. అసలు సీసా బీరువా దాటి బయటికి రాకూడదు. ప్రతి అసలు సీసా మీదా 'నీళ్లు కలపకుండా ముట్టుకోవద్దు' అని గుండ్రటి అక్షరాలతో ఆమే రాసి అంటించింది. ఇరవై ఆరేళ్లలో ఆ చట్టాన్ని ఎవరూ మీరలేదు. మీరింది ఒక్కసారి, ఆమే.

ఎన్నికలప్పుడు బడిలోని ఎనిమిదో తరగతి గది పోలింగ్ కేంద్రమైంది. ఓటర్ల ఎడమ చేతి చూపుడు వేలి మీద సిరా గుర్తు పెట్టే పని సీసాలమ్మకి పడింది. ప్రభుత్వం పంపిన సీసా మూత తీసి, కిటికీ వైపు ఎత్తి చూసింది. వాసన చూసింది.

"ఇది సిరానా సార్, సిరా సీసా కడిగిన నీళ్లా?"

ప్రిసైడింగ్ ఆఫీసరు భూముల కొలతల ఆఫీసులో గుమాస్తా. ఆ ఒక్క రోజుకీ రాజు. "నీకెందుకమ్మా? పైనుంచి వచ్చింది, పెట్టు."

"పెడతాను. సబ్బు తగిలితే పోతుందంటున్నాను."

"పోతే పోనీ. నీ సబ్బా, నా సబ్బా?"

సరే, పెట్టింది. పదకొండున్నర దాకా సబ్బుకి పోయే గుర్తు పెడుతూనే ఉంది.

సేన అని ఒకటుంది. సేన అనగానే గుర్రాలూ ఏనుగులూ ఊహించుకోనక్కర్లేదు. ఆ పూట దాని బలం రెండు మోటారు సైకిళ్లు, ఒక టిఫిన్ డబ్బా. ప్రజలకి విముక్తి తెస్తామని ఆ పెద్దమనుషులు గోడల మీద రాసుకుంటూ తిరుగుతారు. ఆ ప్రజలే ఎండలో బుద్ధిగా వరసకట్టి నిలబడితే మాత్రం ఎదురుగా వచ్చి రెండు ముక్కలు మాట్లాడే ధైర్యం లేదు. సైకిలు స్టాండులో, ఎవరిదో సైకిలు హ్యాండిలుకి డబ్బా తగిలించి చల్లగా జారుకున్నారు. అది పేలింది. గడియారాలు బాగుచేసే తాత తమ్ముడు, ఇస్త్రీ బండి ఆవిడ, నీడ కోసం అక్కడికి వెళ్లి నిలబడ్డ కానిస్టేబులు చనిపోయారు. ముగ్గురిలో ఒక్కరైనా తమని బానిసలుగా ఉంచమని ఎవరినీ అడిగిన వాళ్లు కాదు.

సీసాలమ్మకి చప్పుడు కంటే ముందు గాజు రాలడం వినపడింది. పగిలింది ఏ సైజు గాజో చెవితోనే చెప్పగలదు కాబట్టి, కిటికీలన్నీ పోయాయని వెంటనే తెలిసింది. మిగతాది తెలియడానికి కొంచెం సమయం పట్టింది. బల్ల మీదున్న సిరా సీసా నేల మీద పడి పగిలింది. ఓట్ల పెట్టె మూత వంకరపోయింది. ప్రిసైడింగ్ ఆఫీసరు బల్ల కింద దొరికాడు, ముద్ర గుండెలకి హత్తుకుని. ప్రాణం కంటే ముద్ర ముఖ్యమనుకున్నానని తర్వాత అందరికీ చెప్పుకున్నాడు. బల్ల కిందికి ముందు ముద్ర వెళ్లిందా, ఆయన వెళ్లాడా అన్నది మాత్రం చెప్పలేదు.

గంటన్నరకి అంబులెన్సులు వెళ్లిపోయాయి. నేల కడిగారు. వంకర పెట్టెకి సీలు వేసి పక్కన పెట్టారు, రెండో పెట్టె తెరిచారు. అప్పుడు జనం తిరిగి రావడం మొదలుపెట్టారు. వీరులని మర్నాడు పేపర్లో రాశారుగానీ అంత సీనేమీ లేదు. ఒకావిడ చెప్పుల కోసం వచ్చింది. ఒకాయన పరుగులో పారేసుకున్న కార్డు కోసం వచ్చాడు. ఇద్దరు ముగ్గురు చూడ్డానికి వచ్చారు. వచ్చాక, ఎదురుగా వరస కనపడింది, నిలబడ్డారు.

"సిరా లేదు," అన్నాడు ప్రిసైడింగ్ ఆఫీసరు ఫోను పెట్టేసి. "మూడు గంటల్లో పంపిస్తారట."

"మూడు గంటలైతే మూసేసే టైమవుతుంది కదా సార్."

"అందుకే ఆపేద్దాం. ఎవరూ రాలేదని రాసేద్దాం."

సీసాలమ్మ వరస వైపు చూసింది. తమ్ముణ్ణి ఆస్పత్రిలో వదిలి వచ్చిన గడియారాల తాత, చెవికి కట్టుతో, వరస మధ్యలో నిలబడి ఉన్నాడు. ఆమె లేచి ల్యాబులోకి వెళ్లింది. సిరాలో నిజంగా పనిచేసేది సిల్వర్ నైట్రేట్, అంటే వెండి ఉప్పు. అది ఆమె బీరువాలో, నల్ల సీసాలో, వెలుతురు తగలకుండా ఎప్పుడూ ఉంటుంది. చెవుల్లో ఇంకా హోరు. సీసా తీసింది. తను రాసిన చీటీ కళ్లెదురుగానే ఉంది, చదివింది కూడా. చదివింది బుర్రకెక్కలేదు. ఆ మందుకి రంగుండదు కనుక, కనపడడానికి కొంచెం ఊదారంగు పొడి కలిపింది. చేతి తొడుగులు వేసుకోవడం కూడా మరిచిపోయి, మూత బిగించి వచ్చి కూర్చుంది.

మూడో నాలుగో వేలు పట్టుకునేసరికి వరసలోంచి కూతురు గొంతు వినపడింది. బస్సు కండక్టరు. దారిలో వార్త విని, బస్సు డిపోలో వదిలి, టికెట్ల సంచీ భుజాన ఉండగానే పరిగెత్తుకొచ్చింది.

"అమ్మా, బాగానే ఉన్నావా?"

"ఉన్నాను. ఎందుకలా మీద పడతావు, వరసలో నిలబడు."

"నేను నిన్ను చూడ్డానికి వచ్చాను."

"చూశావుగా. కార్డుందా?"

ఉంది. నిలబడింది. వేసింది. తల్లే ఆ వేలు పట్టుకుని, గోరు మొదట్లో, చర్మం మీదికి పాకేలా గీత గీసింది. రెండో పెట్టెలో సాయంత్రానికి నూట నలభై మూడు ఓట్లు పడ్డాయి.

నాలుగు రోజులకల్లా పొద్దున వేసిన వాళ్ల గుర్తులు గిన్నెలు తోముకుంటూనే పోయాయి. ఊరంతా అంతే. ఈ నూట నలభై మూడు మందికి మాత్రం ఎండ తగిలేకొద్దీ గోరు బొగ్గులా నల్లబడింది, చుట్టూ చర్మం బిగుసుకుంది. సీసాలమ్మకి పది వేళ్లూ నల్లబడ్డాయి. అప్పుడు బీరువా తెరిచి సీసాలో మందు ఎంత తగ్గిందో చూసుకుంది. ఆ రోజు నీళ్లు కలపనే లేదని అర్థమై, స్టూలు మీద కూలబడింది.

ఆ వారమే మార్కెట్ మలుపులో కాగితాలు వెలిశాయి. పేలుడనే తమ హెచ్చరిక తర్వాత కూడా ఓటేసిన ద్రోహుల వేళ్లు మిగలవని సేనవారి ప్రకటన. ఎవరు ఎప్పుడు వేశారో కనిపెట్టే తెలివి వాళ్లకెక్కడిది? నల్ల గోరు కనపడితే చాలు, తేలికైన పని. పాల బండాయన్ని పట్టపగలు కిందికి లాగి, నల్ల గోరున్న వేలిని రాయి మీద పెట్టి విరగ్గొట్టారు. ఇద్దరు పట్టుకున్నారట, ఒకడు కొట్టాడట. ఒక వేలికి ముగ్గురు యోధులు.

తెల్లారేసరికి వీధిలో చాలామందికి ఒకే వేలికి, ఒకే చోట దెబ్బ తగిలిందట. అందరికీ తెల్లటి కట్టు. నల్ల గోరుకంటే ఆ కట్టు రెండు వీధుల అవతలికి కనపడుతుందని ఎవరికీ తోచలేదు. మిగతా వాళ్లు సీసాలమ్మ గుమ్మం ముందు చేరారు. తుడిచెయ్యి, నిమ్మకాయ రుద్దనా, పెట్రోలు పొయ్యనా, అసలేం పూశావు తల్లీ అని.

"అది పైన లేదు నాయనా, చర్మంలోకి దిగింది. గోరు పెరిగి, కత్తిరించుకుంటేనే పోతుంది."

"ఎన్నాళ్లు?"

"మూడు నెలలు."

అందరికీ ఈ మాటే చెప్పింది. కూతురికి మాత్రం ముఖం చూడలేక, గుమ్మం వైపు తిరిగి చెప్పింది. అందరూ చెయ్యి జేబులో పెట్టుకోవచ్చు, కొంగులో దాచుకోవచ్చు. కండక్టరు ఎడమ చేత్తో టికెట్ల పుస్తకం పట్టుకోవాలి, రోజుకి వెయ్యి మంది ముఖాల ముందు. మార్కెట్ మలుపు మీదుగా ఆరు ట్రిప్పులు. ఇంట్లో ఏడాదిన్నర పాప.

ఇంతలో విచారణాధికారి వచ్చాడు. బాంబు మీద విచారణ కాదు, అది వేరే శాఖ. ఈయన విచారణ సిరా మీద. ల్యాబులో ఒక్క కుర్చీ ఉంటే అందులో ఆయన కూర్చున్నాడు.

"ఆమోదం లేని పదార్థం వాడావట."

"అవును సార్."

"ప్రభుత్వ సిరా మాత్రం అన్ని చోట్లా సక్రమంగా పనిచేసింది."

"నాలుగు రోజులకి పోయింది కదా సార్."

"అది నీ అభిప్రాయం."

పగిలిన ప్రభుత్వ సీసా అడుగున కొంచెం మిగిలితే సీసాలమ్మ పారెయ్యలేదు. ఆమె గాజు ముక్క కూడా పారేసే మనిషి కాదు. రెండు గొట్టాల్లో ఉప్పునీళ్లు పోసింది. ఒకదాంట్లో తన మందు రెండు చుక్కలు వేసింది. పాలు విరిగినట్టు తెల్లటి ముక్కలు కట్టింది. రెండోదాంట్లో ప్రభుత్వ సిరా వేసింది. నీళ్లు ఊదారంగుకి తిరిగి, అలాగే తేటగా, అమాయకంగా నిలబడ్డాయి.

"వెండి ఉంటే విరుగుతుంది సార్. ఇందులో ఉన్నది రంగు."

విచారణాధికారి గొట్టం వంక చూడకుండా కిటికీ వంక చూశాడు. కిటికీకి గాజు లేదు, చూడ్డానికి హాయిగానే ఉంది. "నేనేమీ చూడలేదు," అన్నాడు. సంచీలోంచి ఒక కాగితం తీశాడు. పేలుడు తర్వాత తను భయంతో, తప్పుడు పదార్థంతో, ఓటర్లని సరిగా చూసుకోకుండా గుర్తులు పెట్టానని, కాబట్టి రెండో పెట్టె చెల్లదని ఆమె ఒప్పుకుంటున్నట్టు అందులో టైపు చేసి ఉంది. సంతకం ఒక్కటే తక్కువ.

"దీంతో నీకే మేలు," అన్నాడు. "పేలుడు తర్వాత అసలు ఓట్లే పడలేదని ప్రకటిస్తాం. ఇక వాళ్లు వెతికేది ఎవరిని? మీ అమ్మాయి కండక్టరటగా. రేపు పది గంటలకి వస్తాను."

సీసాలమ్మ కాగితం అందుకుంది.

సాయంత్రం కూతురు ఇంకా డ్యూటీలో ఉండగా అల్లుడు ఆ కాగితం చదివాడు. అతను దర్జీ. కుట్టు మిషను ఇంట్లోనే, ఒక కాలు పెడలు మీద, రెండో కాలు పాప ఉయ్యాల మీద.

"పెట్టెయ్యండి అత్తయ్యా."

"నూట నలభై మూడు మందిని లేరని రాసివ్వమంటావా?"

"వాళ్లంతా ఏమైనా మనకి చుట్టాలా? ఓటు పోతే ఐదేళ్లకి మళ్లీ వస్తుంది. వేలు?"

"నేను చూసుకోకుండా పెట్టానని రాశాడు చూడు అందులో. చూసుకోకుండానా? ఒక్కొక్కరి కార్డూ..."

"అత్తయ్యా, ఆ పాల బండాయన వేలు నేను చూశాను. మీరు చూళ్లేదు." అతను మిషను ఆపాడు. "నాకు పొద్దున్నుంచీ కుట్టు వంకరే పోతోంది. మీ అమ్మాయి ఇంటికొచ్చి చెప్పులిప్పే దాకా అన్నం లోపలికి పోదు. పిరికివాణ్ణనుకోండి, ఏమైనా అనుకోండి."

అంతకుముందు అనుకునేది. ఆ సాయంత్రం అనుకోలేకపోయింది. అతను చర్మం రంగు గుడ్డతో భార్య వేలికొక తొడుగు కుట్టి పెట్టాడు, లోపల మెత్తగా ఉండేలా రెండు పొరలు వేసి. సీసాలమ్మ కాగితం మడిచి జాకెట్లో పెట్టుకుంది. పెట్టేద్దామనే అనుకుంది. దాచడం ఎందుకు, మనసులో సగం సంతకం అప్పటికే అయిపోయింది.

మర్నాడు పొద్దున మొదటి ట్రిప్పుకి కూతురి బస్సే ఎక్కింది. ఎందుకని కూతురు అడగలేదు. సీసాలమ్మ ముందు సీట్లో కూర్చుంది, అప్పుడే పుట్టిన పిల్లని చూసినట్టు కూతురి చేతినే చూస్తూ. గుడ్డ తొడుగు రెండు స్టాపులు ఆగింది. టికెట్టు చించబోతే రెండు చిరుగుతున్నాయి, రెండు చించబోతే ఒక్కటీ రావట్లేదు. వెనక జనం గోల. కూతురు తొడుగు లాగి సంచీలో కుక్కింది.

"ఉంచుకోవే," అంది సీసాలమ్మ మెల్లగా.

"దీంతో ఇలా చేస్తే సాయంత్రానికి నా ఉద్యోగం పోతుంది. వేలు దాకా ఎందుకు?"

మార్కెట్ మలుపు ముందు స్టాపులో గడియారాల తాత ఎక్కాడు. కట్టు చెవికే ఉంది, వేలికి లేదు. పైన కడ్డీ పట్టుకున్నాడు, నల్ల గోరు అందరి నెత్తి మీదా. సీసాలమ్మని చూసి ముఖం చిట్లించాడు.

"ఏం పోశావే అమ్మాయ్ ఇందులో? రాత్రంతా మంట. నా పని సన్నటి స్క్రూలతో. వేలు వంగి చావట్లేదు."

"నీళ్లు కలపడం మరిచిపోయాను బాబాయ్. తప్పు నాదే." గొంతు తగ్గించి అడిగింది. "ఆ రోజు ఎందుకొచ్చావు నువ్వు? మీ తమ్ముణ్ణి అక్కడ వదిలి?"

"ఆస్పత్రిలో నన్ను బయట కూర్చోమన్నారు. ఇంటికెళ్తే వాడి భార్యకి చెప్పాలి. కాళ్లు బడికి తీసుకొచ్చాయి. అక్కడైతే మనుషులున్నారు." చెయ్యి మార్చుకున్నాడు. "ఓటెవరికి వేశానో కూడా గుర్తులేదు. నేను వచ్చానని నీకు గుర్తుందా?"

"ఉంది. ముప్పై ఒకటో వేలు నీది."

"ఆ. అది చాలు."

మలుపులో బస్సు ఆగింది. గోడ మీద సేనవారి కాగితం సగం చిరిగి వేలాడుతోంది. పదిహేను మంది ఎక్కారు. అందులో ఎవరు ఎవరో ఎవరికి తెలుసు? కూతురు వాళ్ల మధ్యకి దూరింది, చెయ్యి చాపింది, టికెట్ టికెట్ అంటూ వెనక్కి వెళ్లింది. ఒక కుర్రాడు గోరు వంక అవసరమైన దానికంటే ఎక్కువసేపు చూశాడు. సీసాలమ్మ లేచి నిలబడింది. అతను తర్వాతి స్టాపులో దిగి, చేతికర్రతో ఉన్న తల్లిని దింపుకున్నాడు. సీసాలమ్మ మళ్లీ కూర్చుంది, చెమట తుడుచుకుంది.

బడి స్టాపు వచ్చినా దిగలేదు.

"దిగు," అంది కూతురు.

"ఇంకో ట్రిప్పు వస్తాను."

"తర్వాత ఇంకోటి. మూడు నెలలు ఇక్కడే కూర్చుంటావా? నాకు సీట్లు కావాలి."

"ఒక కాగితం ఉందే. నేను సంతకం పెడితే..." రెండు మాటల్లో చెప్పింది.

కూతురు డ్రైవరు వైపు చూసి ఆగమని చెయ్యి ఎత్తింది. బస్సంతా ఎదురుచూసింది. "భయం లేదని అనను," అంది. "పాప గుర్తొస్తే చిల్లర లెక్క తప్పుతోంది. కానీ నువ్వు సంతకం పెట్టినంత మాత్రాన నా గోరు తెల్లబడుతుందా? ఓటు పోతుంది, నలుపు నాకే మిగులుతుంది. ఆ ముక్క నీకు తెలియదా?"

తెలుసు. చర్మంలోకి దిగిందని వీధి వీధంతటికీ చెప్పింది తనే. విచారణాధికారి చెప్పేసరికి మరిచిపోయింది. భయం అంత తెలివి తక్కువది. బస్సు దిగింది.

పది గంటలకి విచారణాధికారి వచ్చి కుర్చీలో కూర్చునేసరికి, సీసాలమ్మ పదో తరగతి రికార్డు పుస్తకంలోంచి ఒక కాగితం తీసి రాసేసింది. పిల్లల చేత రాయించే వరసలోనే: ఉద్దేశం, వాడిన పదార్థాలు, చేసిన విధానం, పొరపాటు, ఫలితం. పొరపాటు దగ్గర, నీళ్లు కలపలేదు, పూర్తిగా నా తప్పు అని రాసింది. ప్రభుత్వ సిరాలో వెండి జాడ కనపడలేదని, ఎలా చూసిందో, విచారణాధికారి ఎదుటే చూసిందని రాసింది. ఫలితం దగ్గర, నూట నలభై మూడు మంది వచ్చారు, అందరి కార్డులూ చూశారు, అందరి వేళ్లూ నేనే పట్టుకున్నాను అని రాసింది. మూడు ప్రతులు తీసి మూడింటి మీదా సంతకం చేసింది. ఒకటి హెడ్మాస్టరు టేబులు మీదికి అప్పటికే వెళ్లిపోయింది, రెండోది గడియారాల తాత కొట్టుకి వెళ్లాల్సి ఉంది.

"ఇది నేనడిగింది కాదు," అన్నాడు విచారణాధికారి.

"అవును సార్. మీరడిగింది జరగలేదు, జరిగింది రాశాను."

"మీ అమ్మాయి సంగతి ఆలోచించావా?"

"నేను ఆలోచించేది దాని గురించే. మీరు ఆలోచించేది ఆ గొట్టం గురించి."

ఆయన కాగితం చదివాడు, రెండోసారి చదివాడు. చింపేద్దామంటే ఇంకో రెండున్నాయి. సంచీలో పెట్టుకున్నాడుగానీ లేవలేదు. ఇప్పటికైనా ఆలోచించుకో, ఇప్పటికైనా ఆలోచించుకో అని జోరీగలా అంటూనే ఉన్నాడు.

సీసాలమ్మ వినడం లేదు. కూతురి బస్సు తిరుగు ట్రిప్పులో పది ఇరవైకి బడి ముందు నుంచి వెళ్లాలి. పది ఇరవై అయింది. రాలేదు. గాజులేని కిటికీ దగ్గర నిలబడింది. పది ఇరవై మూడు. కడిగిన గొట్టాన్నే మళ్లీ కడిగింది. పది ఇరవై ఐదు. సంతకం చేసిన చేతిని చూసుకుంది, ఐదు నల్లటి వేళ్లు. చేసింది తప్పేమోనని అప్పుడు, ఆ రెండు నిమిషాలు, నిజంగా అనుకుంది.

పది ఇరవై ఏడుకి బస్సు మలుపు తిరిగింది. ఫుట్‌బోర్డు మీద వేలాడుతున్న వాళ్లని కూతురు కడిగేస్తోంది, లోపల ఇంత చోటుంటే ఇక్కడ వేలాడతారేం, మీ కోసం ఏడు నిమిషాలు లేటు అని. తర్వాత నల్ల గోరున్న ఎడమ చెయ్యి కిటికీలోంచి బయటికొచ్చింది. బస్సు రేకు మీద రెండు దెబ్బలు కొట్టింది, డ్రైవరుని పొమ్మని.